బైపీసీ అంటే నీట్ ఒక్కటే కాదు: సొరచేప పరాన్నజీవులకు పేరు పెట్టే చదువు

సొరచేపల మీద, వాటి లోపల బతికే పరాన్నజీవుల్లో శాస్త్రం ఇంకా పేరు పెట్టనివి చాలానే ఉన్నాయి. చర్మానికీ వాజాలకూ పాండరస్ వంటి కోపెపాడ్‌లు, అంటే రొయ్యలకు దూరపు బంధువులైన చిన్న జీవులు, కరుచుకుని ఉంటాయి. మొప్పల్లో క్రోయేరియా జాతులు దూరి ఉంటాయి. పేగు లోపలి పొర మరమెట్లలా మెలి తిరిగి ఉంటుంది. ఆ మడతల్లో బద్దెపురుగులు పట్టుకుని బతుకుతాయి. వీటిలో చాలావాటికి ఒకటి రెండు రకాల సొరలు తప్ప వేరే ఆశ్రయం లేదు. అందువల్ల ఎవరూ సరిగా పరిశీలించని సొరను కోసి చూస్తే కొత్త జాతి దొరికే అవకాశం ఎక్కువ. అమెరికా శాస్త్రవేత్తలు జనీన్ కైరా, కిర్‌స్టెన్ జెన్సెన్ నడిపించిన ప్రపంచ బద్దెపురుగుల సర్వే 2008 నుంచి 2017 వరకు సాగి, ఇలాంటి కొత్త జాతులను ఎన్నిటినో వెలికి తీసింది.

ఈ పని చేసేవారు జంతుశాస్త్రం చదివినవారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఇళ్లలో మాత్రం బైపీసీ తీసుకున్న పిల్లకు మొదటి రోజే స్టెతస్కోపు తగిలించేస్తారు. 2025లో నీట్ రాసినవారు 22 లక్షల పైమాటే. ఆ ఏడాది దేశమంతటా ఎంబీబీఎస్ సీట్లు సుమారు లక్షా ఇరవై వేలు. ర్యాంకు రాకపోతే లాంగ్‌టర్మ్ కోచింగ్, అదీ కుదరకపోతే ఇంకో ఏడాది. ఫీజూ హాస్టలూ కలిపి ఏడాదికి లక్ష దాటడం మామూలే. మగ్గం మీద బతికే ధర్మవరం కుటుంబానికి ఆ లక్ష వడ్డీకి తెచ్చిన లక్ష. మూడో ప్రయత్నానికి వచ్చేసరికి పిల్లలకు జీవశాస్త్రం మీద ఉన్న ఇష్టమే చచ్చిపోతుంది. పిల్లలు అడగని లాంగ్‌టర్మ్‌లో వారిని చేర్చడం ప్రేమ కాదు, ఒత్తిడి. రెండోసారి రాయాలా వద్దా అన్నది రాసేవాళ్లే తేల్చుకోవాలి.

బీఎస్సీ జువాలజీకి విలువ లేదన్న మాట కూడా నిజం కాదు. విశాఖ తీరపు చేపలను పుస్తకానికెక్కించే పని 1803లో లండన్‌లో అచ్చయిన పాట్రిక్ రసెల్ గ్రంథం నాటికే ఉంది. వాటి పరాన్నజీవుల లెక్క ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర శాఖలో సాగింది. సి. ఉమాదేవి, కె. శ్యామసుందరి వాల్తేరు తీరపు చేపల మీది కోపెపాడ్‌ల గురించి 1980లో క్రస్టేషియానా పత్రికలో రాశారు. భారత సముద్ర చేపల్లోని ట్రెమటోడ్‌లనే చదును పురుగుల మీద ఆర్. మాధవి, రాడ్నీ బ్రే కలిసి రాసిన పుస్తకం 2018లో వెలువడింది.

కొత్త జాతిని గుర్తించి పేరు పెట్టే పని హార్బర్‌లో తెల్లవారుజామున మొదలవుతుంది. సొర చచ్చాక పేగులోని పురుగు గంటల్లోనే చెడిపోతుంది కాబట్టి ఆలస్యం పనికిరాదు. దొరికిన పురుగుల్లో కొన్నిటిని ఫార్మలిన్‌లో, కొన్నిటిని డీఎన్‌ఏ కోసం 95 శాతం ఆల్కహాల్‌లో వేస్తారు. ఫార్మలిన్‌లోని వాటికి రంగు పట్టించి, నీరు తీసేసి, కెనడా బాల్సమ్‌లో స్లైడ్ చేస్తారు. మైక్రోస్కోపుకు అమర్చిన డ్రాయింగ్ ట్యూబ్‌లో చూస్తూ పురుగు తలమీది ఒక్కొక్క కొక్కేన్నీ కాగితం మీద గీస్తారు; ఆ కొక్కెం పొడవును మైక్రాన్లలో కొలుస్తారు. ఒక్క పురుగుతో సరిపెట్టరు, దొరికినన్నిటినీ కొలుస్తారు. తర్వాత ఆ ప్రజాతి మీద అంతవరకు వచ్చిన వర్ణనలన్నీ ముందేసుకుని, తేడా నిజమైనదేనా అని పోలుస్తారు. ఎక్కువ కాలం తినేసేది ఈ మెట్టే. తేడా నిలిస్తే ఒక నమూనాను హోలోటైప్‌గా, అంటే ఆ పేరుకు ఆధారమైన నమూనాగా ఎంచి, జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వంటి సంస్థ భద్రాగారానికి అప్పగిస్తారు. 2000 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ నామకరణ నియమావళి ప్రకారం హోలోటైప్ వంటి టైప్ నమూనాను స్పష్టంగా చూపని కొత్త పేరు చెల్లదు.

అర్హత సంగతి సులువు: జువాలజీ ఉన్న బీఎస్సీ, ఏపీ పీజీసెట్ ద్వారా ఎమ్మెస్సీ, ఆపై సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్. అందులో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక భృతి వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీ అయ్యేసరికి ఇంటర్ తర్వాత పదేళ్లు పడుతుందని ఇంట్లో ముందే చెప్పాలి.

అసలు ఉచ్చు వేరే చోట ఉంది. డబ్బు కడితే వారంలో వ్యాసం అచ్చువేసే పత్రికలు కుర్రవాళ్ల పేరాశ మీదే బతుకుతాయి. చెడిపోయిన ఒక్క నమూనాతో, చేతకాని బొమ్మతో "కొత్త జాతి" ప్రకటిస్తే ఆ తప్పును తర్వాతివాళ్లు ఏళ్ల తరబడి సరిదిద్దాలి. మన దేశం నుంచి వెలువడిన సొర బద్దెపురుగుల పేర్లలో కొన్నిటిని నిపుణులు ఇలాగే పక్కన పెట్టారు. చట్టం మాట కూడా మరవకూడదు. తిమింగల సొర 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉంది. అలాంటి జాతుల మీద అనుమతి లేకుండా చెయ్యి వేయకూడదు.

కోర్సు పేరులో మెరైన్ అన్న మాట చూసి ఖరీదైన ప్రైవేటు కాలేజీకి పరుగెత్తాల్సిన పని లేదు. సముద్రం లేని ఊళ్లోనూ చేతికి పని నేర్పవచ్చు. ఆదివారం చేపల కొట్టులో బొచ్చె తలకాయ అడిగితే ఇస్తారు. మొప్పను కత్తిరించి, నీళ్లలో విదిలించి, కాలేజీ మైక్రోస్కోపు కింద పెడితే డాక్టిలోగైరస్ అనే మొప్పల పురుగు కొక్కేలు కనిపించవచ్చు. బుక్కపట్నం చెరువు చేప ఒంటి మీద ఆర్గులస్, అంటే చేప పేను, దొరికితే దానికి బొమ్మ గీయవచ్చు. మూడేళ్ల డిగ్రీలో ఇలాంటి బొమ్మలు నోటుబుక్కు నిండా గీసిన విద్యార్థి ఎమ్మెస్సీ ప్రయోగశాలలో వెనకబడరు.

జాతులకు పేరు పెట్టినందుకే జీతమిచ్చే కొలువులు దేశంలో కొద్దిగానే ఉన్నాయి. జువలాజికల్ సర్వేలో, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) వంటి చోట్ల పోటీ గట్టిది. మిగతావారు అధ్యాపకులుగా, చేపల వ్యాధి పరీక్షా కేంద్రాల్లో నిపుణులుగా స్థిరపడతారు. చేప పేనుతో, మొప్పల పురుగులతో నష్టపోయే రైతులున్న రాష్ట్రంలో ఈ విద్య అక్కరకొస్తుంది. బొమ్మ గీసే ఓపిక, ఒకే స్లైడ్‌ను పదిసార్లు చూసే గుణం ఉన్న పిల్లకు ఇది మంచి దారి. అవి లేని పిల్లను దీనిలోకి కూడా తొయ్యకూడదు.