చేదు వేరు

చదువవలసిన భాగములు: కీర్తన 51, ఎఫెసీ 4:25–32, హెబ్రీ 12:14, 15



త్రాగుడు, దొంగతనము, వ్యభిచారము మొదలగు పాపములు ఊరివారందరికి కనబడును. వాటినిగూర్చి సంఘములో మందలింపు కలదు. అయితే లోపల దాగియుండు పాపములను మందలించువారెవరు? పొలము గట్టునొద్ద పుట్టిన తగవు, కాలువ నీటి వంతునుబట్టి రేగిన కోపము, పెండ్లిపందిరిలో తగిన మర్యాద జరుగలేదను నొప్పి, పొరుగువాని చేను బాగుగా పండెనను అసూయ, మా కులము మీ కులముకంటె మేలైనదను గర్వము: ఇవి హృదయములో ఏండ్ల తరబడి కాపురముండును. ఒకే గుడిలో, ఒకే పాట ఇద్దరును పాడుదురు. గుమ్మము దాటగానే ఒకరి ముఖమొకరు చూడరు. ఇట్టివారము ప్రభువు బల్లయొద్దకు వచ్చుట ఎట్లు? ఈ నెల పాఠములో దీనిని ఆలోచింతము.

1. రోగము ఎక్కడనున్నది?

చేతులు కడుగుకొనకుండ భోజనము చేయుటనుగూర్చి పరిసయ్యులు ప్రశ్నించినప్పుడు, మనుష్యుని అపవిత్రపరచునది బయటనుండి లోపలికి పోవునది కాదనియు, లోపలనుండి వెలుపలికి వచ్చునదియే అనియు ప్రభువు బోధించెను (మార్కు 7:14–23). అచ్చట ఆయన చెప్పిన పట్టీని గమనించుడి. నరహత్య, దొంగతనముల వరుసలోనే మత్సరమును అహంభావమును ఆయన చేర్చెను. మనము చిన్నవనుకొనువాటిని ఆయన చిన్నవిగా ఎంచలేదు.

ఎఫెసీయులు విడిచిపెట్టవలసినవాటిలో అపొస్తలుడు మొదట చెప్పినది ద్వేషము. మూలభాషయైన గ్రీకులో ఆ మాటకు చేదు అని అర్థము. హెబ్రీ పత్రికలో చేదు వేరునుగూర్చి వ్రాయబడిన చోటను ఆ మాటయే ఉన్నది. వేరు అని చెప్పుటలో గొప్ప సత్యమున్నది. తుంగ పట్టిన చేనిని సేద్యగాండ్రు ఎరుగుదురు. పైన ఆకును కోసిన నాలుగు దినములకు మరల మొలచును, గడ్డ నేలలోనే ఉన్నది గదా. వేసవిలో లోతుగా దున్ని, గడ్డలను పైకి తీసి ఎండకు వేసినగాని చేను బాగుపడదు. హృదయమందలి చేదును అట్టిదే. మాట మింగివేసినంత మాత్రమున అది చావదు.

ఆ వేరు అనేకులను అపవిత్రపరచునని హెబ్రీ పత్రిక హెచ్చరించుచున్నది. అనేకులు అను మాటను మరువకుడి. తండ్రి పగ కుమారునికి ఆస్తివలె సంక్రమించును. మొదటి తగవు ఏమియో తెలియని పిల్లలు సహా ఆ ఇంటి పిల్లలతో ఆడుకొనరు.

మిర్యాము చరిత్ర దీనికి సాక్ష్యము (సంఖ్యా 12). తమ్ముడైన మోషేమీద అసూయపడి ఆమె అతనికి విరోధముగా మాటలాడెను. పైకి చెప్పిన కారణము అతని వివాహము. లోపలనున్న కారణము అతనికి కలిగిన ఘనత. ఆమెకు కుష్ఠు కలిగెను; ఏడు దినములు పాళెము వెలుపల ఉండవలసివచ్చెను. ఆ ఏడు దినములును ప్రజలందరు ప్రయాణము చేయక నిలిచిపోయిరి. ఒక్క హృదయములోని అసూయ యావత్తు సమాజము నడకను ఆపివేసెను! మన సంఘము ముందుకు సాగుటలేదని దుఃఖపడునప్పుడు ఈ సంగతిని జ్ఞాపకము చేసికొనవలెను. ఆమె స్వస్థతకై మొఱ్ఱపెట్టినవాడెవడు? నిందపొందిన మోషేయే.

2. పనికిరాని మందులు

కాలమే మాన్పునని కొందరందురు. కాని లోపల చీముండగా పైన మూసికొనిన పుండు మానినది కాదు. నేనేమియు అనలేదు, ఊరకున్నానని కొందరందురు. మాటలాడకుండుటయే కొన్నిసార్లు కఠినమైన దెబ్బ. వాడే ముందు మొదలుపెట్టెనని మరికొందరందురు. మరికొందరు తగవును అట్లే ఉంచి కానుకను హెచ్చించుదురు. అయితే సహోదరునికి మనమీద విరోధమున్నట్లు జ్ఞాపకము వచ్చినయెడల, కానుకను బలిపీఠమునొద్దనే విడిచి మొదట వెళ్లి సమాధానపడవలెనని ప్రభువు ఆజ్ఞాపించెను (మత్తయి 5:23, 24). ఆయనకు మన కానుకకంటె మన సహోదరుడు ముఖ్యుడు.

ఇచ్చట ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. క్షమించుట అనగా అన్యాయమును న్యాయమని పిలుచుట కాదు. ఇంటిలో దెబ్బలు తినుచున్న స్త్రీని, భూమి పోగొట్టుకొనిన పేదవానిని ఊరకుండుమని చెప్పుట సువార్త కాదు. తప్పుచేసినవానితో నిజము చెప్పుటకును, పెద్దలయొద్దకు తీసికొనిపోవుటకును ప్రభువే మార్గము చూపెను (మత్తయి 18:15–17). న్యాయము కోరవచ్చును, పగతీర్చుకొనుట మాత్రము దేవునికే విడువవలెను (రోమా 12:19).

3. దేవుడు కడుగు విధము

నాతాను గద్దించిన తరువాత దావీదు చేసిన ప్రార్థన 51వ కీర్తన. హెబ్రీ భాషలో ఒంటిని కడుగుటకు ఒక మాటయు, బట్టలు ఉదుకుటకు వేరొక మాటయు కలవు. దావీదు 2వ, 7వ వచనములలో వాడినది బట్టలు ఉదుకు మాట. రేవులో మురికిబట్టను నానవేసి, బండమీద బాది, పిండుదురు గదా. ప్రభువా, నాకును అట్లే చేయుమని రాజు వేడుకొనెను. పైపైన నీళ్లు చల్లుమని అడుగలేదు.

ఆయన హిస్సోపును పేర్కొనెను. పస్కా రాత్రి గొఱ్ఱెపిల్ల రక్తమును ద్వారబంధములకు పూసినది హిస్సోపు కుంచెతోనే (నిర్గమ 12:22). కుష్ఠరోగిని పవిత్రపరచు ఆచారములోను హిస్సోపు ఉండెను (లేవీ 14:4–7). కాబట్టి శుద్ధి మన కన్నీళ్లచేత కాదు, రక్తముచేతనే. ఆ నీడలకు నిజస్వరూపము క్రీస్తు సిలువయే (1 యోహాను 1:7–9).

10వ వచనములో శుద్ధహృదయమును కలుగజేయుమని దావీదు అడిగెను. ఆదికాండము మొదటి వచనములో దేవుడు భూమ్యాకాశములను సృజించెనని చెప్పు మాటయే అచ్చటను ఉన్నది. పాత హృదయమునకు మరమ్మతు చాలదు. క్రొత్త సృష్టి కావలెను. అది మనచేత కాదు, దేవునిచేత అగును.

మారాయొద్ద నీళ్లు చేదైనప్పుడు దేవుడు మోషేకు ఒక చెట్టును చూపెను. దానిని వేయగా నీళ్లు మధురములాయెను (నిర్గమ 15:23–25). ప్రజలను వేరొక బావియొద్దకు పంపలేదు, ఆ చేదునీళ్లనే మార్చెను. పాపపు చేదును మ్రానుమీద భరించిన ప్రభువు మన హృదయమునుకూడ అట్లే మార్చగలడు.

4. ఒక సాక్ష్యము

హాలండు దేశస్థురాలగు కోరీ టెన్ బూమ్ అను భక్తురాలు రెండవ ప్రపంచ యుద్ధకాలములో యూదులను తన ఇంట దాచినందున 1944లో చెరపట్టబడెను. ఆమె అక్క బెట్సీ రావెన్స్‌బ్రూక్ చెరలో ఆ సంవత్సరము డిసెంబరులో మరణించెను. 1947లో జర్మనీలోని మ్యూనిక్ పట్టణములో ఆమె దేవుని క్షమాపణనుగూర్చి బోధించిన తరువాత ఒకడు చేయి చాచి యెదుట నిలిచెను. అతడు ఆ చెరలో కావలివాడుగానుండినవాడు. క్రీస్తును నమ్మితినని చెప్పి క్షమాపణ వేడుకొనెను. ఆమె చేయి లేవలేదు. నాకు చేతకాదు, నీవే సహాయము చేయుమని ప్రభువును లోలోపల వేడుకొని, ప్రేమ ఏమియు తోచకయే చేయి చాచెను. చేయి చాచిన తరువాతనే ప్రేమ కలిగెనని ఆమె సాక్ష్యమిచ్చెను. హృదయము కరగువరకు లోబడకుండుట కాదు. లోబడినప్పుడు దేవుడే హృదయమును కరగించును.

5. బల్లయొద్ద

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. 1950లో వెలువడిన దాని ప్రభువు భోజన ఆరాధన క్రమములో, ఒకరి చేతులలో ఒకరు చేతులుంచి సమాధానము ఇచ్చుకొను ఆచారము చేర్చబడెను. కేరళలోని సురియాని క్రైస్తవులలో అది పూర్వమునుండి ఉన్నదే. అది కేవలము మర్యాద కాదు. ఆ చేయి మనము పలుకరించని ఇంటివారి చేయి అయినయెడల ఏమి చేయుదుము? ఏ కులమువారి చేతినైనను సంతోషముగా పట్టుకొందుమా? సమాధానము చేతులలో మాత్రముండి హృదయములో లేనియెడల అది వేషమగును.

6. ఖాళీ ఇల్లు

ఊడ్చి అమర్చిన ఇల్లు ఖాళీగా ఉన్నందున విడిచిపోయిన ఆత్మ మరి ఏడు ఆత్మలతో తిరిగివచ్చెనని ప్రభువు చెప్పెను (మత్తయి 12:43–45). చేదును తీసిన చోట దయను, కరుణను, క్షమను నింపవలెనని ఎఫెసీ 4:32 నేర్పుచున్నది. ఎవరిమీద కోపమున్నదో వారి పేరు పలికి ప్రతిదినము వారి మేలుకొరకు ప్రార్థింతము. వారి ఇంట జబ్బు చేసినయెడల చూడబోదము. ఎదురుపడినప్పుడు మనమే ముందుగా పలుకరింతము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మనము ఎవరి పేరు వినగానే ముఖము చిన్నబుచ్చుకొనుచున్నాము? ఎందుకు?
2. మన పగను మన పిల్లలకు నేర్పుచున్నామా?
3. మిర్యామునుబట్టి ప్రజలు నిలిచిపోయినట్లు, మన సంఘము ఏ కారణమున నిలిచిపోయినది?
4. వచ్చు ప్రభువు భోజనమునకు ముందు మనము ఎవరి గుమ్మము ఎక్కవలసియున్నది?

ప్రార్థన

పరిశుద్ధుడవైన తండ్రీ, మనుష్యులకు కనబడని మా హృదయమును నీవు చూచుచున్నావు. అందులోని చేదును, అసూయను, గర్వమును నీ వెలుగులోనికి తెమ్ము. నీ కుమారుని రక్తముచేత మమ్మును కడిగి, మాలో క్రొత్త హృదయమును పుట్టించుము. వెళ్లవలసిన ఇంటికి వెళ్లుటకు మా కాళ్లకు బలమును, చెప్పవలసిన మాట చెప్పుటకు మా నోటికి తగ్గింపును దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.