జెడ్ డ్రైవ్ రాకపోతే పోగు ఎక్కడ తెగినట్టు? ఇంటి నెట్‌వర్క్ స్టోరేజీపై అవగాహన

సందర్భం

సోలాపూర్ తూర్పు భాగంలో కొంతం చౌక్ చుట్టుపక్కల గల్లీల్లో నడుస్తుంటే మరాఠీ బోర్డుల కింద తెలుగు మాటలు, వాటి వెనక మరమగ్గాల చప్పుడు వినిపిస్తాయి. తరాల కిందట తెలంగాణ పల్లెల నుంచి వలస వచ్చిన పద్మశాలీల పేటలివి. ఇక్కడి చద్దరుకు, టెర్రీ టవలుకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ చద్దరు మీది పువ్వు ఒకప్పుడు అట్టముక్కలకు పొడిచిన రంధ్రాల్లో ఉండేది. మగ్గం మీద డిజైన్ నేయించే యంత్రం, ఎలక్ట్రానిక్ జకార్డు, వచ్చిన చోట అది కంప్యూటరు ఫైల్‌గా మారింది.

కింద మగ్గాలు, పైన కాపురం ఉన్న ఒక ఇంటిని ఊహించుకుందాం. పై గదిలో అన్న డిజైన్లు గీస్తాడు. అల్మారాలో రెండు హార్డ్ డిస్కులున్న చిన్న నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టె ఉంది. ఇంటి కంప్యూటర్లలో అది ‘జెడ్ డ్రైవ్’గా కనిపిస్తుంది. రాత్రి కరెంటు పోయి వచ్చింది. తెల్లారి తమ్ముడు కింది నుంచి కేకేశాడు: “అన్నా, జెడ్ వస్తలేదు. డిజైన్ ఎట్ల ఎక్కియ్యాలె?”

అన్న మొదట చేసిన పని పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ కొట్టడం. పరీక్షలోనైనా ఇంట్లోనైనా చాలామంది చేసే తప్పు ఇదే. పోగు తెగితే నేతగాడు బీము మొత్తం విప్పడు, తెగిన పోగు వెతికి అతుకుతాడు. ఇక్కడా అంతే. కంప్యూటరు చూపే ఎర్రర్ సంఖ్యే తెగిన చోటు చెబుతుంది.

ఏ పరీక్షలకు ఉపయోగం?

ఐటీఐలో కోపా ట్రేడు, మహారాష్ట్రలో ఎంఎస్-సీఐటీ, బ్యాంకు ఉద్యోగాల కంప్యూటర్ అవగాహన పేపర్లు రాసేవారికి నెట్‌వర్కింగ్ ప్రాథమికాలు అవసరం. ఐపీ చిరునామా, పోర్టు, ప్రోటోకాల్, రెయిడ్ అనే నాలుగు అంశాలూ ఈ ఒక్క సమస్యలోనే కలుస్తాయి.

ప్రాథమిక భావనలు

నాస్: నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజీకి పొట్టిపేరు. ఇది నెట్‌వర్క్ మీద ఫైళ్ల స్థాయిలో నిల్వను పంచుతుంది. కంప్యూటరుకు నేరుగా తగిలించే డిస్కు డాస్. బ్లాకుల స్థాయిలో నిల్వను అందించే ప్రత్యేక నెట్‌వర్క్ శాన్. నాస్‌కు ఫైలు, శాన్‌కు బ్లాకు అని గుర్తుపెట్టుకుంటే చాలు.

డ్రైవ్ మ్యాపింగ్: నెట్‌వర్క్‌లోని ఒక షేర్ ఫోల్డరుకు మన కంప్యూటర్లో ఒక అక్షరం తగిలించడం. జెడ్ అనేది డిస్కు కాదు, ఒక చిరునామాకు పెట్టిన ముద్దుపేరు. అసలు చిరునామా \\192.168.1.20\డిజైన్లు వంటిది. మొదట రెండు వాలు గీతలు, తర్వాత పెట్టె చిరునామా, ఆపైన షేర్ పేరు. ఈ తీరును యూఎన్‌సీ పాత్ అంటారు.

ఎస్ఎంబీ: విండోస్ కంప్యూటరు, నాస్ మాట్లాడుకునే భాష. పూర్తిపేరు సర్వర్ మెసేజ్ బ్లాక్. 1983లో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ దీనికి రూపమిచ్చారు. రెండో తరం విండోస్ విస్టాతో, మూడో తరం 2012లో విండోస్ 8తో వచ్చాయి. ఎన్‌క్రిప్షన్ మూడో తరం నుంచే ఉంది. ఇళ్లలోని నాస్ పెట్టెల్లో ఎక్కువగా నడిచేది లైనక్స్. ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ ప్రారంభించిన ‘సాంబా’ ప్రోగ్రామే ఆ లైనక్స్ చేత విండోస్ భాష మాట్లాడిస్తుంది.

వెతకాల్సిన వరస: ఐదు మెట్లు

1. తీగ, కరెంటు. పెట్టె దీపాలు వెలుగుతున్నాయా, రౌటర్‌కు కేబుల్ తగిలి ఉందా చూడాలి. కరెంటు వచ్చాక కంప్యూటరు త్వరగా లేస్తుంది, నాస్ ఆలస్యంగా లేస్తుంది. ఆ మధ్యలో లాగిన్ అయితే జెడ్ మీద ఎర్రటి గుర్తు పడుతుంది. నాలుగు నిమిషాలాగి దాని మీద రెండుసార్లు నొక్కితే తెరుచుకోవచ్చు. విండోస్ షేర్లలో 15 నిమిషాలు పని లేకపోతే కనెక్షన్ దానంతటదే విశ్రాంతిలోకి వెళ్తుంది. అప్పుడూ ఆ గుర్తు పడొచ్చు. కాబట్టి ఎర్రగుర్తు కనిపించినంత మాత్రాన రోగం ఉన్నట్టు కాదు.

2. చిరునామా. ‘ఐపీకాన్ఫిగ్’ ఆదేశంతో కంప్యూటరు చిరునామా చూడాలి. అది 169.254తో మొదలైతే రౌటర్‌లో చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ నుంచి చిరునామా అందలేదని, కంప్యూటరు తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. దీన్ని ఏపీఐపీఏ అంటారు. మన కథలో కంప్యూటరు చిరునామా బాగానే ఉంది. పెట్టె చిరునామానే మారింది. రాత్రి రౌటర్ కూడా ఆగి లేచింది, పాత కేటాయింపులు మరిచిపోయి నాస్‌కు 20 బదులు 27 ఇచ్చింది. జెడ్ మాత్రం ఇంకా 20వ నంబరు తలుపే కొడుతోంది. రౌటర్ సెట్టింగుల్లో నాస్ మ్యాక్ చిరునామాకు (దాని నెట్‌వర్క్ కార్డుకు ఉండే గుర్తింపు సంఖ్యకు) ఒకే ఐపీని రిజర్వు చేస్తే ఈ చిక్కు మళ్లీ రాదు.

3. తలుపు. ‘పింగ్’కు జవాబు వస్తే పెట్టె బతికే ఉందని తెలుస్తుంది, ఫైళ్ల తలుపు తెరిచి ఉందని తెలియదు. ఎస్ఎంబీ తలుపు టీసీపీ పోర్టు 445. పాత నెట్‌బయాస్ దారికి 139. పవర్‌షెల్‌లో ‘టెస్ట్-నెట్‌కనెక్షన్’ ఆదేశానికి పోర్టు 445 జతచేస్తే తలుపు తెరిచి ఉందో లేదో తేలుతుంది. ఫైర్‌వాల్ కానీ, వైఫైలోని ‘గెస్ట్’ నెట్‌వర్క్ కానీ ఇక్కడ అడ్డుపడొచ్చు. గెస్ట్ వైఫైలో ఇంటర్నెట్ చక్కగా వస్తుంది, పక్క గదిలోని పెట్టె మాత్రం కనిపించదు.

4. భాష. రెండు వైపులకూ తెలిసిన ఎస్ఎంబీ తరం కనీసం ఒకటైనా ఉండాలి. పాత పెట్టెకు మొదటి తరమే వచ్చి, కొత్త విండోస్ దాన్ని ఒప్పుకోకపోతే పాస్‌వర్డ్ దాకా మాటే సాగదు.

5. పేరు, అనుమతి. యూజర్ పేరు, పాస్‌వర్డ్, షేర్ మీద హక్కు చివరగా చూడాలి. మన అన్న మొదలుపెట్టింది ఈ చివరి మెట్టు దగ్గరే.

ఎర్రర్ సంఖ్యలు: ఏది ఏ మెట్టు?

• 53: నెట్‌వర్క్ దారి దొరకలేదు. రెండు, మూడు మెట్లు చూడాలి.
• 67: నెట్‌వర్క్ పేరు దొరకలేదు. ఎక్కువగా షేర్ పేరులో తప్పుంటుంది.
• 85: ఆ అక్షరం ఇప్పటికే వాడుకలో ఉంది.
• 5: లోపలికి అనుమతి లేదు.
• 86, 1326: పాస్‌వర్డ్ లేదా యూజర్ పేరు తప్పు.
• 1219: ఒకే పెట్టెకు ఒకే కంప్యూటరు నుంచి రెండు వేర్వేరు పేర్లతో వెళ్తున్నారు. ‘నెట్ యూజ్’ ఆదేశంతో పాత కనెక్షన్ తొలగించి మళ్లీ కలపాలి.
• 1272: పాస్‌వర్డ్ లేని అతిథి ప్రవేశాన్ని భద్రతా నియమాలు ఆపేశాయి.

తెరమీద ఒక్కోసారి 0ఎక్స్80070035 అని కనిపిస్తుంది. భయపడక్కర్లేదు. చివరి 35ను హెక్సాడెసిమల్‌గా చదవండి: 3×16+5=53. పైన చెప్పిన 53 సంఖ్యే ఇంకో వేషంలో వచ్చింది. అలాగే 43 అంటే 4×16+3=67. సంఖ్యామానం మార్పిడి చదివినవారికి ఇది చేతిలో పని.

పాత పెట్టె, కొత్త విండోస్

చిరునామా సరిచేశాక పై గదిలో జెడ్ వచ్చింది. కింద, కొత్తగా కొన్న విండోస్ 11 ప్రో కంప్యూటర్లో మాత్రం రాలేదు. అక్కడ 1272 కనిపించింది. ఇంట్లో పెట్టె ఒక్కటే, రోగాలు మాత్రం రెండు. కారణం తెలియాలంటే 2017కు వెళ్లాలి.

ఆ ఏడాది మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచం మీద పడింది. మొదటి తరం ఎస్ఎంబీలోని లోపమే దాని దారి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే సవరణ ఇచ్చింది, వేసుకోనివారు దెబ్బతిన్నారు. బ్రిటన్ ఆసుపత్రులతో పాటు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లకూ ఆ సెగ తగిలింది. 2017 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 1709 వెర్షన్‌తో మొదటి తరాన్ని పక్కన పెట్టడం మొదలైంది. 15 రోజులు వాడకపోతే ఆ భాగం దానంతటదే తొలగిపోయేలా చేశారు. “పోయిన నెల పనిచేసింది, ఇప్పుడు చేస్తలేదు” అనే ఫిర్యాదుల్లో కొన్నిటికి కారణమిదే.

2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2లో ఇంకో మెలిక పడింది. ప్రో ఎడిషన్‌లో ఎస్ఎంబీ సైనింగ్ తప్పనిసరైంది, అతిథి ప్రవేశం ఆగింది. సైనింగ్ అంటే ప్రతి సందేశం మీద ముద్ర ఉండాలి. ఆ ముద్రకు తాళంచెవి పాస్‌వర్డ్ నుంచి పుడుతుంది. అతిథికి పాస్‌వర్డే ఉండదు, కాబట్టి ముద్ర వేసే వీలూ ఉండదు. కింది కంప్యూటర్లో 1272 కనిపించింది అందుకే.

పరిష్కారం విండోస్ భద్రత తగ్గించడం కాదు. నాస్ సెట్టింగుల్లో అతిథి ప్రవేశం మాన్పించి, పేరూ పాస్‌వర్డూ ఉన్న ఖాతా తెరవాలి. కనీసం ఎస్ఎంబీ 2 నడిచేలా పెట్టాలి. పెట్టె సాఫ్ట్‌వేరుకు కొత్త వెర్షన్ ఉంటే వేసుకోవాలి. కొత్త పాస్‌వర్డ్ పెట్టాక విండోస్‌లోని ‘క్రెడెన్షియల్ మేనేజర్’లో దాగిన పాతది తీసేయాలి. లేకపోతే కంప్యూటరు మనకు చెప్పకుండా పాత తాళంచెవే తిప్పుతుంటుంది.

చివరి చిక్కు

ఇప్పుడు కింద ఎక్స్‌ప్లోరర్‌లో జెడ్ కనిపిస్తోంది. జకార్డు ప్రోగ్రామ్‌లో ‘ఓపెన్’ నొక్కితే మాత్రం లేదు. తమ్ముడు ఆ ప్రోగ్రామును ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’తో తెరుస్తున్నాడు. విస్టా కాలం నుంచి విండోస్ అడ్మినిస్ట్రేటర్ హక్కున్న ఒకే మనిషికి మామూలు గుర్తింపు, పెత్తనపు గుర్తింపు అని రెండు ఇస్తోంది. ఒకదానితో మ్యాప్ చేసిన డ్రైవ్ రెండోదానికి కనిపించదు. ప్రోగ్రామును మామూలుగా తెరిస్తే జెడ్ వచ్చింది, డిజైన్ మగ్గమెక్కింది.

గుర్తుంచుకోండి: రెయిడ్ బ్యాకప్ కాదు

పలు డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతి రెయిడ్. రెయిడ్ 1లో రెండు డిస్కుల్లో ఒకే సరుకు ఉంటుంది. రెయిడ్ 5కు కనీసం మూడు, రెయిడ్ 6కు కనీసం నాలుగు డిస్కులు కావాలి. ఒక డిస్కు చెడితే రెయిడ్ కాపాడుతుంది. ఫైలును పొరపాటున చెరిపితే రెండు డిస్కుల్లోనూ చెరిగిపోతుంది. అట్టల కాలంలో ఒక అట్ట చిరిగితే ఒక పేక వరస చెడేది. ఇప్పుడు పెట్టె పోతే తాతల నాటి డిజైన్లన్నీ ఒక్కసారే పోతాయి. అందుకే మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఇంటి బయట అనే 3-2-1 సూత్రం. జెడ్ రాలేదని పెట్టెను ‘ఫ్యాక్టరీ రీసెట్’ చేయడం, డిస్కు పీకి వేరే కంప్యూటర్లో ఫార్మాట్ చేయడం అస్సలు వద్దు.

మాదిరి ప్రశ్నలు

1. నేటి ఎస్ఎంబీ వాడే టీసీపీ పోర్టు ఏది?
(ఎ) 80 (బి) 139 (సి) 445 (డి) 2049

2. కంప్యూటరుకు 169.254తో మొదలయ్యే చిరునామా వచ్చిందంటే అర్థం?
(ఎ) పాస్‌వర్డ్ తప్పు (బి) డీహెచ్‌సీపీ అందలేదు (సి) డిస్కు నిండింది (డి) షేర్ పేరు తప్పు

3. 0ఎక్స్80070043 ఏ ఎర్రర్‌కు సమానం?
(ఎ) 43 (బి) 53 (సి) 67 (డి) 85

4. వానాక్రై వాడుకున్న లోపం ఎందులోది?
(ఎ) ఎస్ఎంబీ 1 (బి) ఎస్ఎంబీ 3 (సి) ఎన్ఎఫ్ఎస్ (డి) ఎఫ్‌టీపీ

5. పింగ్‌కు జవాబు వస్తోంది, కానీ 53 కనిపిస్తోంది. తర్వాత చూడాల్సింది?
(ఎ) యూజర్ పేరు (బి) పోర్టు 445 (సి) రెయిడ్ స్థాయి (డి) స్క్రీన్ రిజల్యూషన్

జవాబులు: 1-సి, 2-బి, 3-సి, 4-ఎ, 5-బి.

వివరణాత్మక ప్రశ్న: ఒకే నాస్ ఒక కంప్యూటర్లో మ్యాప్ అయి, మరోదాంట్లో కాకపోవడానికి కారణాలు రాయండి.

సూచన: ఒకదాంట్లో పనిచేస్తోందంటే పెట్టె, దాని కరెంటు, షేర్ పేరు బాగున్నట్టే. వాటి మీద ఒక్క వాక్యం చాలు. రెండో కంప్యూటరు చిరునామా, వైఫై, ఫైర్‌వాల్, ఎస్ఎంబీ నియమాలు, దాచిన పాస్‌వర్డ్ వరసగా రాయండి. ఒక్కో కారణం పక్కన దాని ఎర్రర్ సంఖ్య కూడా వేయండి.