ఓడుట వారి వంతు కాదు

నాయనా,

స్నేహితులు నవ్విరని నీవంత చిన్నబుచ్చుకొననక్కఱలేదు గాని, పత్రికలో ‘ది మ్యాచ్ ఈజ్ దెయిర్స్ టు లూజ్’ అని చదివి, ‘దెయిర్స్’ అనగా వారిది, ‘లూజ్’ అనగా ఓడుట, కావున ఓటమి వారి నుదుట వ్రాసియున్నదని నీవు తీర్మానించిన పద్ధతి మాత్రము నాకు నచ్చలేదు. మాటకు మాట నిఘంటువులో వెదకి పేర్చినంతనే వాక్యార్థము కాదని నీకెన్నిమాఱులు చెప్పితిని! ఇచ్చట ‘దెయిర్స్’ అనునది ఓటమిని గాక మ్యాచినే వారి సొత్తుగా జెప్పుచున్నది. గెలుపు దాదాపు వారి చేజిక్కినది, ఇక పోగొట్టుకొన్నచో తమ చేతులార పోగొట్టుకొనవలసినదే గాని ఎదుటివారి బలముచేత పోవునది కాదని దాని భావము.

ఇట్టి పలుకుబడి యెదురైనపుడు, ఆ పని చేయు అధికారమెవరిది, ఆ పని దేనిమీద జరుగును అని అడిగి చూడుము. ‘ది సీక్రెట్ ఈజ్ నాట్ మైన్ టు టెల్’ అన్నవాడు రహస్యము తనకు తెలియదనుట లేదు. తెలిసినను వెల్లడించు హక్కు తనకు లేదనుచున్నాడు. చెప్పవలసినవాడు ‘మైన్’ అను మాటలో నున్నాడు. చెప్పబడు వస్తువు వాక్యారంభముననే కర్తృస్థానమున గూర్చున్నది. కావున తుదిని మరల ‘ఇట్’ తగిలించి ‘టు టెల్ ఇట్’ అనరాదు. నీ జాబులో నీవు తగిలించితివి.

సంస్కృతము చదువుకొన్న నీకిది వింతగా తోచుటయే నాకు వింత. తవ్యము మొదలగు కృత్యప్రత్యయములు చేరినపుడు కర్తకు షష్ఠి వికల్పముగా వచ్చునని పాణిని అష్టాధ్యాయి ద్వితీయాధ్యాయమున విధించినాడు గదా. అందుచేతనే ‘మయా కర్తవ్యమ్’ అన్నను ‘మమ కర్తవ్యమ్’ అన్నను సాధువే. అందలి ‘మమ’ను ‘నాయొక్క’ అని మాత్రమే యర్థము చెప్పి తృప్తిపడువానికి, చేయవలసినవాడను నేనను సంగతి తెలియనే తెలియదు. ఇంగ్లీషు తుమర్థకమును, సంస్కృత కృత్యమును ఒక్కటే యని నేననను. కాని షష్ఠి కంటబడగానే ఇల్లు, పొలము, పశువులు వంటి ఆస్తియే తలపునకు వచ్చుట మన అలవాటు. షష్ఠి చెప్పునది సంబంధమును. స్వామ్యము ఆ సంబంధములలో నొక్కటి. ‘హిజ్ ఆర్డర్ టు లీవ్’ అను మూడు నాలుగు మాటలనే చూడుము: అతడిచ్చిన యాజ్ఞయా, అతనికి వచ్చిన యాజ్ఞయా? అతడు పొమ్మన్నవాడా, పోవలసినవాడా? పూర్వాపరములు చూడక దీనిని తేల్చుట ఎంతటి పండితునికైనను శక్యము కాదు. నీవే వ్రాయవలసివచ్చినచో ‘ది ఆర్డర్ గివెన్ టు హిమ్’ అనియో, ‘గివెన్ బై హిమ్’ అనియో విప్పి వ్రాయుము. రెండు మాటలు పెరిగినను నష్టము లేదు.

అయితే ‘ఐ ఆస్క్‌డ్ హర్ టు సింగ్’ అనుచోట ‘హర్’ షష్ఠి కాదు, ద్వితీయ. ‘హిమ్’ పెట్టి చదివినచో నీకే తేలును. బాలక్లావా యుద్ధమును గూర్చి 1854లో టెన్నిసన్ రచించిన గీతము మీ పాఠ్యగ్రంథమున నున్నచో, సైనికుల విధిని అతడు చెప్పిన చరణములను, పని చేయవలసినవాడెవడను దృష్టితో మరల చదువుము. అక్కడ ‘దెయిర్స్’ కు హక్కు గాక విధి యర్థము.

మఱియొకటి. నీ జాబు చివర సంతకముపై ‘యువర్స్’ అని వ్రాయుచు ‘ఎస్’ అక్షరమునకు ముందు అపాస్ట్రఫీ గిలికితివి. ‘యువర్స్’, ‘హర్స్’, ‘అవర్స్’, ‘దెయిర్స్’ — వీనిలో దేనికిని అది లేదు. వచ్చు జాబులో కనబడినచో ఎఱ్ఱసిరాతో దిద్ది తిప్పిపంపెదను.

ఆశీస్సులతో,
తాతయ్య