కొండదారి సైకిల్ పందెం: కాళ్లకంటే లెక్క ముఖ్యం



పోయిన సంచికలో ఒక మిత్రుడు కబడ్డీ గురించి రాసిండు. ఈసారి నేను మన పెద్దవూరలో ఎవరూ ఆడని ఆట గురించి రాస్తున్నాను. ఎవరూ ఆడని ఆట మనకెందుకు అంటారా? మన ఆటల దినం నాడు దూరపు పరుగులో ముగ్గురు పిల్లలు సగంలోనే కూలబడ్డారు. వాళ్లు పొద్దున లేస్తే గుట్ట ఎక్కి దిగేవాళ్లే, కాళ్లల్లో బలం లేక పడలేదు. తొందరలో ఏమీ తినకుండా వచ్చిండ్రు, మొదట్లోనే బాగా ఉరికిండ్రు. అలా ఎందుకు అవుతుందో ఈ సైకిల్ పందెం చూస్తే బాగా అర్థమవుతుంది.

ఇది ఏం పందెం?

మనకు సైకిల్ అంటే పొలానికి, బజారుకు పోయే బండి. మౌంటెన్ బైక్ అంటే కొండబాటల కోసం చేసిన సైకిల్. టైర్లు మందంగా ఉంటాయి, గేర్లు ఉంటాయి, ముందు చక్రానికి షాకులు ఉంటాయి. దీనితో రాళ్ల బాటల్లో గంటల తరబడి, రోజుల తరబడి పందెం కడతారు. ఇందులో మూడు రకాలు చెప్పుకోవచ్చు.

1. ఒక్క రోజు పందెం. అమెరికాలో లెడ్‌విల్ అనే గనుల ఊరు ఉంది. సముద్ర మట్టానికి 3,000 మీటర్లకు పైన ఉంటుంది. 1982లో అక్కడి పెద్ద గని మూతపడి వేల మంది పని పోయింది. ఊరు బతకాలని కెన్ చ్లోబర్ అనే గని కార్మికుడు 1983లో 100 మైళ్ల పరుగు పందెం పెట్టించిండు. 1994లో అదే ఊళ్లో సైకిల్ పందెం కూడా మొదలైంది. సుమారు 160 కిలోమీటర్లు తొక్కాలి, గడువు 12 గంటలు. ఆ ఎత్తులో గాలి పలుచన. మనకు ఇక్కడ ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్‌లో సుమారు 70 శాతమే అక్కడ అందుతుంది.

2. చాలా రోజుల పందెం. దక్షిణ ఆఫ్రికాలో 2004 నుంచి కేప్ ఎపిక్ జరుగుతోంది. ఎనిమిది రోజులు, ఇద్దరిద్దరు ఒక జట్టు. జట్టులో ఇద్దరి మధ్య రెండు నిమిషాలకంటే ఎక్కువ ఎడం రాకూడదు. ఒకడు ముందు ఉరికి గెలుస్తానంటే కుదరదు, వెనక పడినవాడి కోసం ఆగాల్సిందే. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్ కొండల్లో 2005లో ఎంటీబీ హిమాలయ అనే పందెం మొదలైంది.

3. ఎవరి సాయమూ లేని పందెం. టూర్ డివైడ్ అనేది కెనడాలోని బాన్ఫ్ నుంచి మెక్సికో సరిహద్దు దాకా, 4,300 కిలోమీటర్ల పైన. తిండి, పడక, రిపేరు అన్నీ ఎవరివి వాళ్లే చూసుకోవాలి. 2016లో మైక్ హాల్ అనే ఆయన 14 రోజుల లోపే పూర్తి చేసిండు.

ఇక అసలు పాఠం. ఇందులో నాలుగు లెక్కలు ఉన్నాయి.

మొదటిది గేరు లెక్క

మన హాస్టల్ సైకిల్ పండ్లు నేను లెక్కపెట్టిన. ముందు 44, వెనక 18. 44ని 18తో భాగిస్తే 2.44. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం రెండున్నర చుట్లకు దగ్గరగా తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు, కాబట్టి బండి 5.4 మీటర్లు పోతుంది. కొండ సైకిల్‌లో ముందు 32, వెనక 50 పండ్ల గేరు వేస్తే 0.64 వస్తుంది. దాని చక్రం 2.3 మీటర్లు అనుకుంటే, ఒక చుట్టుకు బండి పోయేది మీటరున్నర లోపే. దూరం తగ్గింది కాబట్టి కాలికి పడే బరువు కూడా నాలుగో వంతు దగ్గరికి తగ్గుతుంది. సామాన్య యంత్రాల పాఠంలో మనం చదివింది ఇదే. పని తగ్గదు, ఒకేసారి మోసే బరువు తగ్గుతుంది. గుట్ట ఎక్కేటోడు చిన్న గేరు వేస్తే పిరికివాడు కాదు, తెలివైనవాడు.

రెండోది తిండి లెక్క

మనం తిన్న అన్నం, రొట్టెలో కొంత భాగం గ్లైకోజెన్‌గా మారి కండరాల్లో, కాలేయంలో నిలువ ఉంటుంది. పెద్దవాళ్లలో అది 400 నుంచి 500 గ్రాములు. గ్రాముకు 4 కేలరీల చొప్పున 2,000 దాటదు. గట్టిగా తొక్కితే రెండు గంటలకే అడుగంటుతుంది. అప్పుడు కళ్లు తిరుగుతాయి, కాళ్లు వణుకుతాయి, ఏడుపు కూడా వస్తుంది. ఒంట్లో కొవ్వు ఎంత ఉన్నా అది మెల్లగానే శక్తినిస్తుంది. అందుకే పందెగాళ్లు ఆకలి కాకముందే తింటారు, గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండి పదార్థం. ఒక అరటిపండులో సుమారు 25 గ్రాములు, చిన్న బెల్లం ముక్కలో కూడా దాదాపు అంతే ఉంటుంది. కొన్న పొడులు అక్కర లేదు.

మూడోది నీళ్ల లెక్క

మన వైపు ఎండల సంగతి చెప్పనక్కర లేదు. చెమటతో నీళ్లే కాదు, ఉప్పు కూడా పోతుంది. ఉత్త నీళ్లే కడుపు నిండా తాగుతూ పోతే రక్తంలో ఉప్పు పలచబడి అది కూడా ప్రమాదమే. లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగాలి. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఎవరైనా ఎండలో తడబడి మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా నీడకు తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోసి విసరాలి. వెంటనే 108కి ఫోన్ చేయాలి. తెలివి లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

నాలుగోది వేగం లెక్క

మొదటి గంటలో పక్కవాడితో మాట్లాడగలిగేటంత వేగమే సరైన వేగం. మాట రాకుండా ఎగపోస్తే దాచుకున్న గ్లైకోజెన్ తొందరగా ఖర్చయిపోతుంది. 160 కిలోమీటర్లను 12 గంటలతో భాగించి చూడండి, గంటకు 13 కిలోమీటర్లకు కొంచెం పైన ఉంటే చాలు. మన ఊరి సైకిల్ మీద చదును రోడ్డున ఇది పెద్ద వేగం కాదు. కొండ మీద, అలసినంక కూడా అదే వేగం నిలుపుకోవడమే కష్టం.

వీటికి తోడు బండి బాగుచేయడం రావాలె. సెలవుల్లో మా మామ పంక్చరు షాపులో కూర్చుంటా. ట్యూబుకు గాలి కొట్టి నీళ్లలో ముంచితే బుడగలు వచ్చిన చోటే బెజ్జం. గీకి, సొల్యూషన్ రాసి, ఆరినంక ప్యాచ్ అతికించాలి. ఆరకముందే అతికిస్తే ఊడుతది. తొందర పనికిరాదని ఇక్కడ కూడా తెలుస్తుంది.

ఇవన్నీ విదేశాల వాళ్లకేనా?

కాదు. మలావత్ పూర్ణ మనలాగే గిరిజన బిడ్డ, గురుకులంలో చదివింది. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరు. మన పక్కనున్న భువనగిరి గుట్ట మీద శిక్షణ మొదలుపెట్టి, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. ఆమెతో పాటు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఎక్కిండు. ఆమెది సైకిల్ కాదు, కానీ తిండి, నీళ్లు, ఊపిరి, ఓపిక లెక్కలు అక్కడా ఇవే. రువాండా దేశపు అడ్రియన్ నియోన్‌షుటి 1994 మారణకాండలో తోబుట్టువులను పోగొట్టుకున్నాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో తన దేశపు జెండా పట్టుకుని నడిచిండు, కొండ సైకిల్ పందెంలో 39వ స్థానంలో వచ్చిండు. పతకం రాలేదు, కానీ గీత దాటిండు.

వార్డెన్ సార్లకు ఒక మనవి

వచ్చే ఆటల దినానికి దూరపు పరుగు ఎండ ముదరకముందే పెట్టించండి. పరుగుకు రెండు గంటల ముందు అందరికీ టిఫిన్ అందేటట్టు చూడండి. దారిలో రెండు చోట్ల ఉప్పు చక్కెర నీళ్ల బిందెలు పెడితే కలిపే పని మా తొమ్మిదో తరగతి వాళ్లం చేస్తాం. మొదటి ముగ్గురికే కాక, గడువులోపల పూర్తి చేసిన ప్రతి ఒక్కరి పేరు ఈ గోడ మీద రాయించండి. చివరగా వచ్చినవాడి పేరు కూడా ఇక్కడ కనపడితే, వచ్చే ఏడు ఎవరూ సగంలో ఆగరు.

చదివినవాళ్లు జవాబు చెప్పండి

1. ముందు 48, వెనక 20 పండ్లు ఉంటే పెడల్ ఒక చుట్టుకు చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుంది?
2. మూడు గంటల పందెంలో గంటకు 50 గ్రాముల చొప్పున పిండి పదార్థం కావాలంటే ఎన్ని అరటిపండ్లు కావాలి?
3. ఉత్త నీళ్లకంటే ఉప్పు చక్కెర నీళ్లు ఎందుకు మేలు?

జవాబులు కాగితం మీద రాసి గోడ పత్రిక పెట్టెలో వేయండి. సరిగా రాసినవాళ్ల పేర్లు వచ్చే సంచికలో.