ఇంటిల్లిపాదికీ ఒకే శ్రుతి

ఏప్రిల్ చివర్లో బడులు మూస్తే మళ్లీ తెరిచేది జూన్ రెండో వారంలోనే. ఈ ఏడు వారాల కోసం హిందూపురంలోనూ ధర్మవరంలోనూ పెనుకొండలోనూ వేసవి తరగతులు మొదలవుతాయి: అబాకస్, చేతిరాత, స్పోకెన్ ఇంగ్లిష్, కరాటే, కీబోర్డు, గాత్రం. సంగీతం నేర్పే చోట మామూలుగా జరిగేది ఏమిటంటే, తల్లి బండి మీద పిల్లను తెచ్చి గుమ్మం దగ్గర దింపి వెళ్తుంది, గంటయ్యాక వచ్చి తీసుకెళ్తుంది. నాయనమ్మ ఇంట్లోనే ఉంటుంది. తండ్రికి ఆ తరగతి ఏ వీధిలో జరుగుతుందో కూడా తెలియకపోవచ్చు. సంగీతం మనిషిలో పెంచే గుణం ఒకటుంది. అది పిల్లలకంటే ఆ గుమ్మం బయట ఆగిపోయిన పెద్దలకే ఎక్కువ అవసరమని నేను నమ్ముతున్నాను. ఏడేళ్ల పిల్ల, నలభై ఏళ్ల తల్లి, డెబ్బై ఏళ్ల తాత ఒకే చాప మీద కూర్చుని నేర్చుకుంటే తప్ప ఆ గుణం ఎవరిలోనూ పూర్తిగా పట్టదని కూడా నమ్ముతున్నాను.

ఆ గుణం వినడం. వ్యక్తిత్వ వికాసం పేరుతో ఇవాళ నేర్పేదంతా చాలావరకు మాట్లాడటమే. బెరుకు లేకుండా నిలబడటం, గొంతు పెంచడం, నలుగురినీ ఒప్పించడం. ఇవి అక్కరలేదని ఎవరూ అనరు. కానీ సంగీతం మొదటి పాఠం దీనికి ఎదురు దారిలో నడుస్తుంది. శ్రుతిపెట్టె మోగుతుంటుంది, ‘స’ పట్టుకోమంటారు. అరిచి పాడేవాడికి తన గొంతు శ్రుతి తప్పిన సంగతి అందరికంటే ఆఖర్న తెలుస్తుంది. గొంతు తగ్గించి, శ్రుతిని ఒక చెవితో, పక్కవాడి ‘స’ను ఇంకో చెవితో విన్నప్పుడే తన తేడా తనకు తెలిసొస్తుంది. తర్వాత సరళీ స్వరాలు, మాయామాళవగౌళలో. చేయి తొడ మీద ఒక దెబ్బ, ఆపై చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, తర్వాత దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ఎనిమిది లెక్కల ఆదితాళం ఇంతే. మొదటి కాలంలో లెక్కకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. మొదటి కాలంలో అందరూ బాగానే పాడతారు. రెండో కాలం రాగానే తొందరపడేవాడు ముందుకు పరిగెత్తుతాడు, వెనుకాడేవాడు రెండు స్వరాలు మింగేస్తాడు. అక్కడ మనిషి స్వభావం బయటపడుతుంది. దాన్ని సరిచేసేది ఉపన్యాసం కాదు, పక్కన పడుతున్న పదిమంది చేతుల చప్పుడు. వినడం గురించి పెనుకొండలో ఒక పాత కథ ఉంది. సాళువ నరసింహరాయలు అన్నమయ్యను ఇక్కడికి పిలిపించుకుని పదాలు విని పరవశించాడనీ, అలాంటిదే తన మీద కూడా ఒకటి పాడమన్నాడనీ, కాదన్నందుకు సంకెళ్లు వేయించాడనీ అన్నమయ్య మనవడు రాసిన చరిత్ర చెబుతుంది. ఆ పాటలో తన పేరు కూడా వినబడాలనుకున్నాడు రాజు. అన్నీ విన్నా, ఎదుటివాడి పాటను ఎదుటివాడి పాటగా వదిలేయడం మాత్రం ఆయనకు రాలేదు.

అన్ని వయసులవాళ్లూ కలిసి నేర్చుకోవడం ఎక్కడో పరాయి దేశం నుంచి తెచ్చుకోవాల్సిన ఆలోచన కాదు. ఈ సీమ పల్లెల్లో చెక్కభజన బడి అలాగే నడిచేది. వానాధార సేద్యం, వేరుశనగ విత్తు పడేదాకా పొలంలో పని తక్కువ. అలాంటి రోజుల్లో ఊరంతా కలిసి ఒక గురువును పిలిపించుకునేవారు. రాత్రి భోజనాలయ్యాక రామాలయం ముందు వలయంగా నిలబడి నేర్చుకునేవారు. చేతిలో ఇత్తడి బిళ్లలు బిగించిన చెక్కలు, కాలికి గజ్జెలు. మీసాలు రాని కుర్రాడి పక్కన అతని మేనమామ, ఆ పక్కన ఊరి పెద్ద. ఒక్కరు కోపు, అంటే అడుగుల వరుస, తప్పినా వలయం మొత్తం తడబడుతుంది కాబట్టి గురువు ఆపి మళ్లీ మొదటినుంచి వేయిస్తాడు. తప్పింది ఊరి పెద్ద కావచ్చు. ఆయన కోసం కుర్రాళ్లు ఆగాలి, ఆయన కుర్రాళ్లను చూసి సర్దుకోవాలి. ఇంట్లో, పంచాయతీలో, పొలంలో ఎక్కడా జరగని సంగతి ఇది. గద్దింపుకు అలవాటుపడ్డ మనిషి పిల్లల ముందు తప్పి, దిద్దుకుని, మళ్లీ అడుగు వేస్తాడు. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కుటుంబాలదీ ఇదే దారి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చాక ఆ బొమ్మల గురించి అందరికీ తెలిసింది, కానీ ఆ ఆటలో సగం పాటే. తెర వెనక తాత పద్యం ఎత్తుకుంటే కోడలు అందుకుంటుంది, మనవడు తాళం వేస్తాడు. హిందూపురం వైపు కైవారం తాతయ్య తత్వాలు పాడే భజనల్లో తెలుగూ కన్నడమూ కలిసిపోయినట్టు, వయసులు కూడా కలిసిపోతాయి. ఆ చెక్కభజన బృందాల్లో చాలావాటిలో ఆడవాళ్లకు చోటు దొరకలేదన్నది నిజం. ఇప్పుడు కోలాటం, పండరి భజన బృందాల్లో వాళ్లే ముందున్నారు. ఆ పాత లోటును మన వేసవి తరగతి మళ్లీ తెచ్చుకోకూడదు.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని పెద్దలే తమ మీద తాము తీర్పు చెప్పేసుకుంటారు. గమకం నునుపు, గొంతు సాగే దూరం చిన్నప్పుడు సాధన చేసినవాడికే ఎక్కువ దక్కుతాయి, దాన్ని కాదనలేం. కానీ కచేరీ చేయడం వేరు, పాడటం నేర్చుకోవడం వేరు. సరళీ స్వరాల వరుసను మనకిచ్చాడని చెప్పుకునే పురందరదాసు పెద్దయ్యాకే వ్యాపారం వదిలిపెట్టి హరిదాసయ్యాడని సంప్రదాయం. అమెరికాలోని రోచెస్టర్‌లో ఈస్ట్‌మన్ సంగీత పాఠశాల ఆచార్యుడు రాయ్ ఎర్న్‌స్ట్ 1991లో యాభై దాటినవాళ్ల కోసం ఒక వాద్యబృందం మొదలుపెట్టాడు. ఏ వాద్యమూ పట్టుకోనివాళ్లు కూడా అందులో చేరవచ్చు. ఆ పద్ధతి తర్వాత ఎన్నో ఊళ్లకు పాకింది. మన దగ్గరే 2008 మే నెల ఎండల్లో, అన్నమయ్య ఆరువందలవ జయంతి ఏడాది, సిలికానాంధ్ర సంస్థ పిలుపుతో సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో లక్షమందికి పైగా ఒక్క గొంతుతో ఏడు కీర్తనలు పాడారు. వాళ్లలో విద్వాంసులు ఎంతమంది ఉండగలరు? మిగతావాళ్లు ఇళ్లలో, గుళ్లలో, కాలనీ హాళ్లలో గుంపులుగా కూర్చుని నేర్చుకుని వచ్చినవాళ్లే.

దీనికంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. దాన్ని దాచి సంగీతాన్ని అమ్ముకోవడం నాకు ఇష్టం లేదు. పాట నేర్చుకుంటే తెలివి పెరుగుతుందని, మార్కులు వస్తాయని తరగతుల ప్రచారంలో చెబుతుంటారు. దానికి ఆధారంగా ఎక్కువగా చూపేది షెలెన్‌బర్గ్ అనే పరిశోధకుడు కెనడాలో చేసి 2004లో ప్రచురించిన అధ్యయనం. 144 మంది ఆరేళ్ల పిల్లల్లో కొందరికి కీబోర్డు, కొందరికి గాత్రం, కొందరికి నాటకం నేర్పారు, కొందరికి ఆ ఏడాది ఏమీ నేర్పలేదు. సంగీతం నేర్చినవాళ్ల ఐక్యూ సుమారు 7 పాయింట్లు పెరిగింది, మిగతావాళ్లది సుమారు 4. తేడా చిన్నది, తర్వాతి సమీక్షలు దాన్ని కూడా అనుమానించాయి. మన వాదనకు అసలు దెబ్బ వేరే చోట ఉంది. నలుగురితో మెలిగే తీరు మెరుగుపడింది నాటకం నేర్చినవాళ్లలోనే, సంగీతం పిల్లల్లో కాదు. సంగీతం చెవిన పడితే చాలు మనిషి బాగుపడతాడనే మాట దీని ముందు నిలవదు. నాకు తోచేది ఇది: నాటకంలో ఎదుటివాడి మాట అయ్యేదాకా ఆగాలి, అతను తడబడితే అందించాలి. ఎవరి కీబోర్డు ముందు వాళ్లు కూర్చుని ఎవరి పాఠం వాళ్లు అప్పజెప్పే తరగతిలో ఆ ఆగడమూ లేదు, అందించడమూ లేదు. చెక్కభజన వలయంలో రెండూ ఉన్నాయి. కాబట్టి ఏం నేర్పుతున్నామన్నదానికంటే ఎలా కూర్చోబెట్టి నేర్పుతున్నామన్నదే తేల్చుకోవాల్సిన విషయం. తలకొక కీబోర్డు పెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించే శిక్షణ ఎంత ఖరీదైనదైనా నేను చెప్పే పనికి పనికిరాదు.

ఏడు వారాల్లో ఏం వస్తుందనేది ఇంకో ప్రశ్న. కీర్తన రాదు. శ్రుతి పట్టడం, ఆదితాళం తప్పకుండా వేయడం, సరళీ వరుసలు కొన్ని, నలుగురితో కలిపి ఒక పాట, ఇవి వస్తాయి. ఇంకొకటి కూడా వస్తుంది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో కొత్తగా చేరిన పెద్దల తరగతులను ఏడు నెలలు గమనించారు. పాట తరగతిలో ఉన్నవాళ్లు చేతిపనులు, రచన నేర్చుకుంటున్నవాళ్లకంటే చాలా త్వరగా దగ్గరయ్యారు. ఏడు నెలలు తిరిగేసరికి మిగతా తరగతులు కూడా వాళ్లను అందుకున్నాయి, అంటే పాట గొప్పదనమంతా ఆ తొలి రోజుల్లోనే ఉంది. వేసవి శిక్షణకు చేతిలో ఉండేది ఆ తొలి రోజులే. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక ఎక్కడెక్కడివాళ్లో షిఫ్టుల పనికి వచ్చి స్థిరపడ్డారు. ఒకే మేడలో పై వాటాలో ఎవరున్నారో కింది వాటాకు తెలియని చోట ఈ త్వరగా దగ్గరవడం చిన్న విషయం కాదు.

ధర్మవరంలో గుంట మగ్గం మీద పొద్దంతా కాళ్లూ చేతులూ ఆడించిన మనిషికి ఓపిక ఎక్కడిదని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. రోజూ రెండు గంటల తరగతి అతనికి కుదరదు. కానీ తొక్కుడు కర్రకూ నాడె విసురుకూ లెక్క కలిపే చేతికి ఆదితాళం కొత్తదేమీ కాదు, ఈ చాప మీద అందరికంటే ముందు లెక్క పట్టేది అతనే కావచ్చు. వారానికి మూడు సాయంత్రాలు, ముప్పావు గంట చాలు. రుసుము తలకింత అని వద్దు, ఇంటికింత అని పెడితే నాయనమ్మను ఇంట్లో వదిలి రావడానికి కారణం ఉండదు. చోటు కోసం వెతుక్కోవాల్సిన పని లేదు, భజన మందిరాలు, సెలవుల్లో ఖాళీగా ఉన్న బడి వరండాలు ఉన్నాయి. వరుసలుగా వద్దు, వలయంగా కూర్చోవాలి, వయసుల ప్రకారం విడదీయకూడదు. చివరి రోజు వేదిక, మైకు, బహుమతులు లేకుండా చూసుకోవాలి. వేదిక ఉందని తెలిస్తే పిల్లకు ఒక సినిమా పాట బట్టీ పట్టిస్తారు, తాత తనంతట తనే పక్కకు తప్పుకుంటాడు. ఆ సాయంత్రం కూడా మామూలు తరగతే జరగాలి. మందిరం తలుపులు మాత్రం బార్లా తెరిచి, వినడానికి వచ్చినవాళ్లకు కూడా చాప మీద చోటు చూపించి, సరళీ మొదటి వరుస మొదటి కాలంలో వాళ్లతో కలిపి ఎత్తుకోవాలి.