సంపంగి ప్రాకారము - పెనుకొండ ప్రభువులు

తిరుమల శ్రీవారి ఆలయ మహాద్వారమును దాటిన యాత్రికుడు అడుగిడు ఆవరణమునకు సంపంగి ప్రాకారమని పేరు. ఒకప్పుడచ్చట సంపంగి చెట్లుండుటచే ఆ పేరు కలిగినదని పెద్దలు చెప్పుదురు. నేడు చెట్లు లేవు. పేరు మాత్రము నిలిచినది. హిందూపురము, పెనుకొండలలో రైలెక్కి, ధర్మవరమునుండి కదిరి, పాకాలల మీదుగా తిరుపతి చేరు భక్తులకు ఈ ఆవరణముతో ఒక సంబంధము కలదు. పెక్కుమంది దానినెరుగకయే లోనికి సాగిపోవుదురు.

1565లో రాక్షసి తంగడి యుద్ధమున ఓటమి కలిగిన పిమ్మట ఆరవీటి తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా చేసికొనెను. సంపంగి ప్రాకారములోని తిరుమలరాయ మండపము ఆయన పేరనే ఉన్నది. 1473లో సాళువ నరసింహరాయలు ఊంజల్ ఉత్సవమునకై కట్టించిన మండపమును ఆరవీటి వంశమువారు విస్తరింపజేసిరి. తిరుమలరాయల కుమారుడు వేంకటపతిరాయలు మొదట పెనుకొండనుండియు, తరువాత చంద్రగిరినుండియు పాలించెను. ఆయన రాగి ప్రతిమ అదే ఆవరణములో, శ్రీకృష్ణదేవరాయల ప్రతిమకు చేరువనే, చేతులు మోడ్చి నిలిచియున్నది. విజయనగరమును కోల్పోయిన వంశము స్వామి కైంకర్యమును మాత్రము మానలేదు.

ఆ తిరుమలరాయలకే రామరాజభూషణుడు వసుచరిత్రమును అంకితమిచ్చెను. అందు గిరిక నాసికను వర్ణించు సంపంగి పద్యము తెలుగునాట మిక్కిలి ప్రసిద్ధము. తుమ్మెద సంపంగిపై వాలదని కవిసమయము. ఆ తిరస్కారమునకు నొచ్చుకొన్న పువ్వు తపమొనరించి నాసికయై, చూపులనెడు తుమ్మెదలను ఇరుప్రక్కల పొందినదని చమత్కారము. ఈ పద్యము నంది తిమ్మనదను కథయు కలదు. ఆ తగవు ఇచ్చట అప్రస్తుతము. భక్తునకు తోచునది వేరు. తుమ్మెద ఒల్లని పువ్వును స్వామి ఒల్లననలేదు. తన ఆలయ ప్రాకారమునకు దాని పేరే నిలుపుకొనెను. సింహాచలమున వరాహ నరసింహుని సన్నిధిని సంపంగులకుగల ప్రఖ్యాతి ఎల్లరెరిగినదే.

పైని చెప్పిన మూడు ఊళ్ళును వాన కొరవడిన మెట్టసీమలోనివి. సంపంగియో తడినేలను కోరు వృక్షము. కావున బావిగట్టునగాని, స్నానపు నీరు పారు చోటగాని నాటుట మేలు. హిందూపురపు కన్నడ కుటుంబములు దీనినే సంపిగె యందురు. ఆకుసంపంగి వేరు, దాని పువ్వు ఆకుపచ్చన, అది ప్రాకు జాతి. ఇచ్చట చెప్పునది పసిడివన్నె పూలనిచ్చు మహావృక్షమును గూర్చి. దీనికి దండ కట్టనక్కరలేదు. ఒక్క పువ్వు పళ్ళెరమున నుంచిన పూజగది యంతయు పరిమళించును. రేకులు నలిగిన వెంటనే వన్నె మాయును గనుక తొడిమ పట్టి కోయవలెను. గది వేయుటకై ముదురు సంపంగిని నరికించి, మరునాటినుండి అంగడిలో పూలు బేరమాడు గృహస్థులను చూచినపుడు జాలి కలుగును.

తిరిగి నాటదలచినవారు గింజలను నిలువచేయరాదు. ఎండినచో మొలకెత్తుట అరుదు. కాయ పగిలి ఎఱ్ఱని పొరతో గింజ కనబడగనే ఆ పొరను కడిగివేసి నాటవలెను. గింజమొక్క పూయుటకు పలు సంవత్సరములు పట్టును. అంటుమొక్క అంతకంటె ముందే పూయును.