టేకుచేప

సముద్రమునకు రత్నాకరమని పేరు. ముత్యములును పగడములును అందు పుట్టుటచే ఆ పేరు కలిగెనందురు. కాని చూడనేర్చిన వారికి ముత్యములకంటె విలువైన వింతలు ఆ నీటియందు పెక్కు కలవు. ఇసుకలో ఒదిగి, కదలక మెదలక యుండి, తన్ను త్రొక్కిన వారికి మాత్రమే తన యాయుధమును చూపు టేకుచేప అట్టి వింతలలో నొకటి. దీనిని చూచి భయపడినవారు అనేకులు. దీని బ్రదుకు తీరును తెలిసికొన్నవారు కొలదిమంది.

విశాఖపట్టణమునకు ఉత్తరమున, గోస్తనీనది సముద్రమున కలియు భీమునిపట్టణ ప్రాంతమున, జాలరుల పల్లెలు పెక్కు కలవు. అట్టి పల్లెలోని యొక ప్రాథమిక పాఠశాలను మనస్సున ఊహించుకొనుడు. అచ్చటి ఐదవ తరగతి పిల్లలకు చేపలు క్రొత్తవి కావు. వలల నడుమనే వారు పెరిగిరి. అయినను ఎరుగుట వేరు, తెలియుట వేరు. ఆ భేదమును వారికి చూపదలచి ఉపాధ్యాయులు ఒకనాటి ఉదయమున వారిని తీరమునకు తీసికొనిపోయిరి.

అప్పుడు జాలరులు రెండు వరుసలుగా నిలిచి అలివివలను ఒడ్డునకు లాగుచుండిరి. వల యిసుకపైకి వచ్చెను. వెండిరేకుల వలె మెరయుచున్న కవళ్ల నడుమ చేటంత వెడల్పుగల చేప యొకటి రెక్కలు కొట్టుకొనుచుండెను. దాని తోక కొరడావలె సన్నముగా, పొడవుగా నుండెను.

“దగ్గరకు రావలదు! టేకుచేప!” అని ముసలి జాలరి కేకవేసెను. పిల్లలందరును వెనుకకు తగ్గిరి. ఒక బాలిక మాత్రము పిడికిళ్లు బిగించి, “తాతా! దానిని కొట్టి చంపుడు. నిరుడు మా అయ్యను ఇదే కుట్టినది. నెలదినములు ఆయన వేటకు పోలేదు. మాకు కూటికి జరుగలేదు” అనెను.

ఉపాధ్యాయులు ఆ బాలిక తలపై చేయివేసి, “అమ్మా! నీ కోపము నాకు తెలియును. అయినను శత్రువనుకొన్న దానిని గూర్చియైనను తెలిసికొనుట మంచిది గదా” అని, పుల్లతో ఇసుకపై ఆ చేప రూపమును గీసి ఇట్లు చెప్పసాగిరి.

“పిల్లలారా! ఇది సొరచేపకు దగ్గర చుట్టము. కవళ్లలో నుండునట్టి గట్టి యెముక దీని శరీరమున లేదు. మీ చెవిదొప్పను వంచి విడువుడు. అది మరల యథాస్థితికి వచ్చును. అట్టి మృదులాస్థితోనే దీని యస్థిపంజరమంతయు ఏర్పడినది. రెక్కలని మీరనుకొనునవి ప్రక్కలకు విస్తరించి తలతో కలిసిపోయిన మొప్పరెక్కలు. వాని అంచులను అలవలె కదల్చి ఇది ఈదును. ఇట్టి టేకుచేపలలో రెండు వందలకు పైగా జాతులు కలవు. కొన్ని పళ్లెమంత మాత్రమే యుండును. కొన్ని గది నేలనంతయు కప్పగలంతటివి.”

“దీని కన్నులు వీపుపైనను, నోరు పొట్టవైపునను ఉన్నవి. ఇది పగలు తరచుగా ఇసుకను మీద చల్లుకొని, కన్నులు మాత్రము పైకి కనబడునట్లు పండుకొనును. నోరు ఇసుకలో నుండగా ఊపిరి యెట్లు? కన్నుల వెనుకనున్న ఆ రెండు రంధ్రములను చూడుడు. వానిగుండా శుభ్రమైన నీటిని లోనికి పీల్చి, పొట్టవైపునున్న మొప్పల చీలికలగుండా విడుచును.”

అంతట ఒక బాలుడు చేయియెత్తి, “మాస్టారూ! కన్నులు పైనను నోరు క్రిందను ఉన్నచో, తాను తినుదానిని ఇది చూడజాలదు గదా! ఇసుకలో దాగిన పీతను ఎట్లు పట్టును?” అని యడిగెను.

ఉపాధ్యాయుల ముఖము వికసించెను. “ఇది చక్కని ప్రశ్న. నోటిచుట్టును సూదిమొనవంటి చిన్న రంధ్రములు దీనికి అనేకము కలవు. వానియందు జిగురువంటి పదార్థము నిండియుండును. 1678వ సంవత్సరమున ఇటలీ దేశీయుడైన లోరెంజీని ఇట్టి రంధ్రములను వర్ణించెను. కాని అవి యేల యున్నవో ఇరువదవ శతాబ్దమువరకు తేలలేదు. ప్రతి ప్రాణి శరీరమునుండియు అత్యల్పమైన విద్యుత్తు వెలువడుచుండును. పీత గుండె కొట్టుకొన్నను, కండరము కదలినను పుట్టు ఆ విద్యుత్తును ఈ రంధ్రములు పసిగట్టును. కావున ఇది కన్నులతో చూడకయే ఆహారమును కనుగొని, బల్లపరుపైన పండ్లతో పీతల డిప్పలను, ఆలిచిప్పలను పిండిచేసి తినును.”

ముల్లును గూర్చి చెప్పవలసి వచ్చినపుడు ఉపాధ్యాయులు ముసలి జాలరివైపు తిరిగి, “ఈ పాఠము నీవే చెప్పవలెను, తాతా” అనిరి. వృద్ధుడు సిగ్గుపడి నవ్వి, తోకను కఱ్ఱతో నొక్కిపట్టి చూపెను.

“ముల్లు తోక కొననుండదు. ఇదిగో, ఇచ్చట మొదటివైపున నుండును. రెండంచులను రంపపు పండ్లు కలవు. అవి వెనుకకు తిరిగియుండును. దిగునపుడు సులువుగా దిగును. వచ్చునపుడు కండను చీల్చుకొని వచ్చును. ఇది మనిషిని వెదకికొని వచ్చి కుట్టదు. ఇసుకలో పండుకొన్నదానిని త్రొక్కినచో తోకను పైకి విసరును. అందుచేత లోతులేని నీటిలో మేము అడుగులెత్తి వేయము. కాళ్లను ఇసుకపై ఈడ్చుచు నడచెదము. ఆ కదలికకు అదియే తప్పుకొని పోవును.”

ఉపాధ్యాయులు ఆ మాటను అందుకొనిరి. “ముల్లుపై సన్నని పొర యుండును. విషము ఆ పొరలోనిది. అది మాంసకృత్తులతో కూడినది. కోడిగ్రుడ్డులోని తెల్లసొన వేడికి మారిపోవునట్లు, ఈ విషమును వేడికి చాలవరకు శక్తిని కోల్పోవును. కావున గాయపడిన కాలినో చేతినో ఓర్చుకొనదగినంత వేడినీటిలో గంటసేపు ముంచి యుంచినచో బాధ తగ్గును. నీటి వేడి 45 డిగ్రీల సెంటిగ్రేడును మించరాదు. నొప్పిలో నున్నవానికి వేడి తెలియక పోవచ్చును గనుక మరియొకరు చేయిపెట్టి చూడవలెను. పిమ్మట వైద్యుని చూడక మానరాదు. ముల్లు రొమ్మునగాని కడుపునగాని దిగినచో దానిని పెరికివేయక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. అట్టి గాయములు మిక్కిలి అరుదు. కాని 2006 సెప్టెంబరు 4వ తేదీన ఆస్ట్రేలియా దేశపు ప్రసిద్ధ జంతుప్రేమికుడు స్టీవ్ ఇర్విన్ అట్టి గాయముతోనే మరణించెను.”

బాలిక మెల్లగా, “వేడినీళ్ల సంగతి నిరుడే తెలిసియుండిన బాగుండెడిది” అనెను. ఆమె పిడికిళ్లు విడిపోయెను.

ఇంతలో టేకుచేప పొట్ట అదరెను. తమలపాకును చుట్టినట్లు చుట్టుకొనియున్న చిన్న ప్రాణి యొకటి వెలువడి ఇసుకపై విచ్చుకొనెను. దాని వెనుక మరియొకటి వచ్చెను. తరువాత ఇంకొకటి వచ్చెను. మూడును తల్లి రూపమునే పోలియుండెను.

“కడుపుతో నున్నది!” అని పిల్లలు కేకలు వేసిరి.

“అవును. టేకుచేప గ్రుడ్లు పెట్టదు, పిల్లలను కనును. గర్భములో మొదట పిల్లకు గ్రుడ్డుసొన ఆహారము. అది ముగిసిన పిదప తల్లి గర్భమున పాలవంటి ద్రవము ఊరి పిల్లలను పోషించును. కన్నపుడు పిల్ల ముల్లు మెత్తని తొడుగులో నుండుటచే తల్లికి గాయము కాదు. వలలో చిక్కిన బెదరుచేత కొన్ని తల్లులు నెలలు నిండకయే పిల్లలను విడుచును” అని ఉపాధ్యాయులు చెప్పిరి.

పిల్లలు జాలరిని చుట్టుముట్టిరి. ఆయన కొంతసేపు మాటాడక నిలిచి, “తల్లిని విడువజాలను, బాబూ. వలలాగిన ఇరువదిమందికి ఈ పూట కూడు ఇందులోనే యున్నది. పిల్లలు నిండినవే. నీటిలో విడిచిన బ్రదుకవచ్చును” అని, జాగ్రత్తగా వానిని నీరు పోసిన గంపలోనికి ఎత్తెను. గంపను పట్టుకొనుటకు ముందుకు వచ్చినది ఆ బాలికయే. మోకాలిలోతు నీటివరకు కాళ్లను ఈడ్చుచు పోయి, ఆమె గంపను వంచెను. మూడు నీడలు ఇసుకవెంట జారి మాయమయ్యెను.

ఆ జాలరి మాటలో నిజమున్నది. పిల్లల జాలిలోను నిజమున్నది. ఈ రెండింటిని పొందుపరచుట ఎట్లన్నదే నేటి ప్రశ్న. కవళ్లు వేలకొలది గ్రుడ్లు పెట్టును, ఏడాదిలోనే ఎదుగును. టేకుచేప నెమ్మదిగా పెరిగి, ఆలస్యముగా ఈడునకు వచ్చి, కాన్పునకు కొలది పిల్లలనే కనును. పట్టు వేగము పుట్టు వేగమును మించినచో ఆ జాతి నిలువజాలదు. సొరలు, టేకులు మొదలగు వాని జాతులలో మూడవవంతుకు పైగా నశించు అపాయమున నున్నవని 2021వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు తేల్చిరి. మితిమీరిన వేటయే దీనికి ప్రధాన కారణము.

ఇది ఉత్తుత్తి బెదరింపు కాదు. జావా ద్వీపమున టేకుచేపల కుటుంబమునకు చుట్టమైన చిన్న చేప యుండెడిది. 1862వ సంవత్సరమున నేటి జకార్తా నగరపు చేపల అంగడిలో ఒక్కటి దొరికెను. శాస్త్రలోకము చూచిన చేప అది యొక్కటే. ఎంత వెదకినను మరల కనబడలేదు. 2023 డిసెంబరునందు ఆ జాతి అంతరించినదని ప్రకటించిరి. మానవుని చేతలవలన అంతరించిన సముద్రపు చేపగా ప్రకటింపబడినది అదియే మొదటిది.

మన దేశమునందు 2001వ సంవత్సరముననే కొన్ని సొరలను, టేకులను వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రిందికి తెచ్చిరి. ఒడలంతయు ముండ్లుగల టేకుచేప, గంగానది టేకుచేప అట్టివి. వానిని పట్టుట నేరము. చట్టము అవసరమే; కాని వల లాగు చేతికి తెలివి తోడైనపుడే చట్టము ఫలించును.

దానికి కాంబోడియా దేశపు జాలరి యొకడు తార్కాణము. 2022 జూన్ 13వ తేదీ రాత్రి మెకాంగ్ నదిలో అతనికి 300 కిలోల బరువును, సుమారు 4 మీటర్ల పొడవును గల టేకుచేప చిక్కెను. మంచినీటి చేపలలో అంతటి బరువుగలది అంతకుముందు లెక్కకు ఎక్కలేదు. 2005వ సంవత్సరమున థాయిలాండున దొరికిన 293 కిలోల జెల్లచేపను అది మించెను. జాలరి శాస్త్రజ్ఞులకు కబురుపెట్టెను. వారు వచ్చి, కొలతలు తీసి, దాని సంచారమును తెలుపు చిన్న పరికరమును అమర్చి, తగిన వెలను జాలరికి చెల్లించి, చేపను నదిలో విడిచిరి. దానికి ఖ్మేరు భాషలో పున్నమి యని అర్థమిచ్చు ‘బొరామీ’ యను పేరు పెట్టిరి. జాలరికి నష్టము కలుగలేదు. నదికి దాని సంపద మిగిలెను.

భయము అజ్ఞానమునుండి పుట్టును. జాగ్రత్త జ్ఞానమునుండి పుట్టును. ముల్లున్నదని టేకుచేపను ద్వేషింప పనిలేదు. అది యెచ్చట పండుకొనునో తెలిసి అడుగు వేయుట, ఎన్ని పిల్లలను కనునో తెలిసి వల వేయుట మనుష్యుని వివేకము.

ప్రశ్నలు

1. టేకుచేప ఇసుకలో దాగియుండి ఊపిరి పీల్చుట ఎట్లు?
2. తాను చూడజాలని ఆహారమును అది యెట్లు కనుగొనును?
3. టేకుచేప కుట్టినపుడు చేయవలసిన మొదటి చికిత్స ఏది? దానికి కారణమేమి?
4. ముసలి జాలరి తల్లిచేపను ఉంచుకొని పిల్లలను విడిచెను. ఇది సమంజసమేనా? మీ యభిప్రాయమును వ్రాయుడు.